బెల్టు మీద మర్యాద

నా ఉద్యోగం మనుషులకి ఆయాసం తెప్పించడం. అమలాపురంలో ఒక గుండె డాక్టరు గారి దగ్గర ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసి, కిందటేడాది మానేశాను. మొదట్లో ఈసీజీలు మాత్రమే తీసేదాన్ని. తరవాత ట్రెడ్‌మిల్ పరీక్ష, అంటే టీఎంటీ, వచ్చింది. కదిలే బెల్టు మీద మనిషిని నడిపించి, మూడేసి నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెంచుతూ, తెర మీద గుండె గీత ఎలా నడుస్తోందో చూడటం నా పని. ఇప్పుడు నా కుర్చీలోకి ఇద్దరు కొత్త అమ్మాయిలు వచ్చారు. మెషీను సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఆఖరి రోజున "మాకేమైనా చెప్పండి మేడమ్" అని అడిగితే, మెషీను గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదనిపించింది. మనుషుల గురించి ఉంది. నేను చేసిన ఒక తప్పు గురించి మరీ ఉంది. అది నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

మూడు మంచి ఈసీజీలు

రాజోలు వైపు నుంచి చేపల చెరువులున్న ఒక రైతు వచ్చారు. ప్లాస్టిక్ కవర్లోంచి మూడు ఈసీజీలు తీసి బల్ల మీద పరిచారు. మూడూ మూడు చోట్ల తీయించినవి.

"మూడూ బాగున్నాయన్నారండి. నాది గ్యాసండి బాబూ. మేత జల్లడానికి గట్టు మీద బయల్దేరితే, సగం చుట్టు తిరిగేసరికి ఇక్కడ పట్టేత్తదండి. నిలబడితే పోద్దండి. సోడా తాగితే ఇంకా తొందరగా పోద్దండి. దానికి ఈ బెల్టెందుకండి?" అన్నారు.

కోనసీమలో గుండెనొప్పికి మొదటి పేరు గ్యాసు. ఆయన నొప్పి సోడా వల్ల పోలేదు. సోడా తాగడానికి ఆగారు గనక పోయింది. ఆ మాట చెబితే మర్యాదకి నవ్వారు. బెల్టు ఎక్కించాక ఏడో నిమిషంలో ఆ గ్యాసు తెర మీద కనబడింది.

పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టే అని చదువుకున్నవాళ్ళు కూడా అనుకుంటారు. కాదని డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పేవారు. అది ఎవరికీ ఎక్కేది కాదు. ఆయన లోపలికి వెళ్ళాక నేను కాలువ సంగతి చెప్పేదాన్ని.

గుండె ఒళ్ళంతటికీ రక్తం తోడి పంపుతుంది కదా, కానీ తన కండకి కావలసిన రక్తం మాత్రం తన మీద పాకిన సన్నటి నాళాల్లోంచే తెచ్చుకోవాలి. ఆ నాళంలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైందనుకోండి. కాలువలో గుర్రపుడెక్క పట్టి నీళ్ళు సరిగా దిగకపోతే కాలువ చివరున్న శివారు రైతు ఏం చేస్తాడు? తన చేలోకి నీళ్ళు తెచ్చే బోదెని నిండా తెరిచేసుకుంటాడు. నీటి అవసరం తక్కువున్న రోజుల్లో దాంతో సరిపోతుంది, చేను చూస్తే ఏ లోటూ కనబడదు. నాట్ల రోజుల్లో అందరికీ ఒకేసారి నీళ్ళు కావాలి. మిగతావాళ్ళు తమ బోదెలు ఇంకాస్త తెరుచుకుంటారు. ఇతనికి తెరవడానికి ఇంకేం మిగల్లేదు. గుండెలోనూ అంతే. ఇరుకు దాటాక ఉండే చిన్న చిన్న నాళాలు కూర్చున్నప్పుడే నిండా తెరుచుకుని ఎలాగో సర్దుకుంటాయి. అందుకే ఈసీజీ మంచిగా వస్తుంది. నడక మొదలైతే గుండెకి రెండింతలు, మూడింతలు రక్తం కావాలి, అది ఇక పెరగదు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. గుండె తన రక్తాన్ని ఎక్కువగా తెచ్చుకునేది ముడుచుకున్నప్పుడు కాదు, రెండు దెబ్బల మధ్య వదులైనప్పుడు. వేగంగా కొట్టుకునే కొద్దీ ఆ సందు తగ్గిపోతుంది. అంటే అవసరం పెరిగిన వేళకే తెచ్చుకునే తీరిక పోతుంది. ముందుగా ఎండేది కండలో అన్నిటికంటే లోపలి పొర. తెర మీద గీత కిందికి జారేది అప్పుడే. చాలామందికి నొప్పి ఆ తరవాత వస్తుంది, కొందరికి అసలు రాదు. కాబట్టి గుండెని ఆ అవసరం దాకా తీసుకెళ్ళకుండా పరీక్ష ఆపేస్తే, పరీక్ష చేసినట్టే కాదు. వయసుని బట్టి నాడి ఇంత దాకా పెరగాలని ఒక లెక్క ఉంటుంది. అది చేరకపోతే రిపోర్టులో "తేల్చలేం" అని రాయాలి. అంతేగాని "మార్పులు లేవు" అని రాసి ఊరుకోకూడదు. ఈ ముక్క నాకు అప్పటికే తెలుసు. తెలిసే తప్పు చేశాను.

"పర్లేదండి"

పరీక్షలో సగం మెషీను చేస్తుంది, సగం మనం అడిగి తెలుసుకోవాలి. ఆ రెండో సగం మన ప్రాంతంలో చాలా కష్టం. "నొప్పిగా ఉందాండీ?" అని అడిగితే చెమటలు కారుతూ "అబ్బే, లేదండి" అంటారు. "ఆపమంటారా?" అంటే "మీ ఇష్టమండి" అంటారు. ఒకరింట్లో భోజనానికి కూర్చుని కూర బాగాలేదని చెప్పలేని మనుషులు, ఒకరి మెషీను మీద నిలబడి నొప్పని చెబుతారా?

అందుకని నేను మాట వినడం తగ్గించి మనిషిని చూడటం నేర్చుకున్నాను. కొబ్బరి ధర గురించి జోరుగా చెబుతున్నవాడు వాక్యం మధ్యలో ఆగిపోతే చూడండి. పిడి పట్టుకున్న వేళ్ళు తెల్లబడితే చూడండి. చెయ్యి తనకి తెలియకుండానే రొమ్ము మీదికి పోతే ఇంక అడగనక్కర్లేదు.

మా డాక్టరు గారి గురించి కూడా చెప్పాలి. పేషెంట్లని "అయ్యా, అమ్మా" అనేవారు, మా మీద మాత్రం ఇంతెత్తున లేచేవారు. గీత చదవడంలో ఆయన్ని మించిన మనిషిని నేను చూడలేదు. కానీ రద్దీ రోజుల్లో ఆఖరి పేజీ చూసి సంతకం పెట్టేసేవారు. ముందు పేజీలన్నీ నేను చూశానని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నాకు గర్వంగా ఉండేది. అది గర్వపడాల్సిన విషయం కాదని ఇప్పుడు అంటాను.

మా లెక్కల మేస్టారు

నేను మానేయడానికి నాలుగేళ్ళ ముందు సంగతి. ఒక బుధవారం పేషెంట్ల చీటీల్లో మా లెక్కల మేస్టారి పేరు కనబడింది. ఆరో తరగతి నుంచి పది దాకా ఆయన దగ్గరే లెక్కలు నేర్చుకున్నాను. మా నాన్న వ్యవసాయ కూలీ. నన్ను తొమ్మిదితో ఆపేస్తానంటే, మేస్టారు సైకిలేసుకుని మా పేటకి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, నాన్న ఊ అనేదాకా లేవలేదు. ఈ ఉద్యోగం ఆయన పెట్టిన భిక్షే అని మా అమ్మ పోయేదాకా అంటూనే ఉంది.

ఆయనకి అరవై తొమ్మిదేళ్ళు. ఐనవిల్లి దగ్గర సొంతింట్లో భార్యాభర్తలిద్దరే ఉండేవారు. హెర్నియా ఆపరేషను చెయ్యాలి, ముందు గుండె ఎలా ఉందో చూపించుకుని రమ్మని సర్జను గారు పంపారు. ఆపరేషను ఆ వచ్చే సోమవారం.

"కరుణా, నువ్వా ఇక్కడున్నది? అయితే నాకింక బెంగ లేదు" అన్నారు మేస్టారు, చొక్కా గుండీలు విప్పుకుంటూ.

గుండె గీత తీసే తీగల బిళ్ళలు బాగా అంటుకోవాలంటే రొమ్ము మీది వెంట్రుకలు గీసెయ్యాలి. రోజూ ఎందరికో గీసే చెయ్యి, ఆ మాట విన్నాక ఆయన తెల్ల వెంట్రుకల మీదికి పోలేదు. పైపైనే అంటించాను. గీత వణుకుతూ వచ్చింది. బెల్టు మీద ఆయన రెండు చేతులతో పిడిని గట్టిగా పట్టుకుని బరువంతా దాని మీద వేశారు. పిడి మీద వాలితే కాళ్ళకీ గుండెకీ పని తగ్గిపోతుంది, పరీక్ష సగం దొంగదవుతుంది. వేరే వాళ్ళనైతే "చేతులు వదలండి" అని గట్టిగానే చెబుతాను. ఆయనకి ఎలా చెప్పను? నన్ను బెంచీ ఎక్కించిన మనిషికి?

మూడో నిమిషం తరవాత ఎత్తు పెరిగింది. ఆయన ఒగురుస్తున్నారు. బనీను తడిసి ఒంటికి అంటుకుంది. నాకు చూడబుద్ధి కాలేదు.

"అలిసిపోయారా మేస్టారూ? ఆపేద్దామా?"

"నీకు కావలసింది వచ్చేసిందా అమ్మా?"

"వచ్చేసిందండి" అన్నాను.

రాలేదు. నాడి నూట ఇరవై ఎనిమిది దాటాలి, నూట నాలుగు దగ్గర ఉంది. అయినా నాలుగో నిమిషంలో ఆపేశాను. తువ్వాలు ఇచ్చాను, మంచినీళ్ళు ఇచ్చాను. "మార్పులు లేవు" అని రాశాను. డాక్టరు గారు ఆఖరి పేజీ చూసి సంతకం పెట్టారు. మేస్టారు వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి మరీ వెళ్ళారు.

వంతెన

మనది బల్లపరుపు నేల. కోనసీమలో ఎత్తంటే వంతెనే. శుక్రవారం ఉదయం షేరాటోలో ఆసుపత్రికి వస్తుంటే, కాలువ వంతెన ఎక్కేచోట మేస్టారు కనబడ్డారు. సైకిలు దిగి, వంగి, చైను చూసుకుంటున్నారు. పలకరిద్దామనుకునేలోపు ఆటో దాటిపోయింది.

శనివారం కూడా అక్కడే, ఆ వేళకే, అలాగే వంగి ఉన్నారు. ఈసారి ఆటోలోంచి తల తిప్పి చూశాను. చైను మీద ఒక చెయ్యే ఉంది. రెండో అరచెయ్యి రొమ్ము మీద ఉంది. కాసేపు అలాగే ఉండి, లేచి, ఏమీ జరగనట్టు సైకిలెక్కి వెళ్ళిపోయారు.

గట్టు మీద నిలబడిపోయే రైతుని పట్టుకున్నదాన్ని, మా మేస్టారిని పట్టుకోలేకపోయాను. పైగా నా కాగితం చూసుకుని ఎల్లుండి ఆయనకి మత్తు ఇస్తారు.

ఆ మధ్యాహ్నం పేషెంట్లందరూ అయ్యాక డాక్టరు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన చేతులు కడుక్కుంటున్నారు.

"సార్, ఐనవిల్లి మేస్టారి టీఎంటీ నేను సరిగ్గా చెయ్యలేదండి."

"అంటే?"

"నాలుగో నిమిషంలో ఆపేశానండి. నాడి పెరగలేదు. ఆయన ఇబ్బంది పడుతున్నారని నేనే ఆపేశాను."

"రిపోర్టులో ఆ ముక్క రాశావా?"

"లేదండి. మార్పులు లేవని రాశాను."

ఫైలు తెప్పించుకుని మొదటి పేజీ నుంచి తిప్పారు. నేను తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను. ఆఖరి పేజీ దగ్గర చాలాసేపు ఆగి, "సంతకం నాది" అన్నారు. నా ఎదురుగానే సర్జను గారికి ఫోన్ చేసి, "మా దగ్గర పొరపాటు జరిగింది, సోమవారం ఆపండి" అని చెప్పారు. అవతల ఆయన ఏదో విసుక్కుంటున్నారు. నా పేరు మాత్రం మా డాక్టరు గారు బయటపెట్టలేదు. ఆయన మీద నాకున్న కోపాలన్నీ ఆ పూటకి మాఫీ చేసేశాను.

"నువ్వే వెళ్ళి తీసుకురా. ఫోన్లో అడిగితే బాగానే ఉన్నానంటారు" అన్నారు నాతో.

ఆదివారం ఆరాధన మానుకుని ఐనవిల్లి వెళ్ళాను. మేస్టారి భార్యని నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచీ సర్దుతున్నారు. మేస్టారు వరండాలో పేపరు చదువుతున్నారు. ఆపరేషను ఆగిందనీ, మళ్ళీ బెల్టు ఎక్కాలనీ చెప్పాను.

"మళ్ళీ ఎందుకమ్మాయ్? మొన్న బాగుందన్నావు గదా" అన్నారు మేస్టారు.

"నేను పూర్తిగా చెయ్యలేదండి. మీరు ఒగురుస్తుంటే చూడలేకపోయాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఎంతదాకా చెయ్యాలి, ఎంతదాకా చేసేవు?" అని అడిగారు. చెప్పాను. "జవాబు మాత్రం రాసేసేవు" అన్నారు. నేను తలొంచుకున్నాను. యాభై ఐదేళ్ళ మనిషిని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

"మేస్టారూ, వంతెన దగ్గర ఎందుకు ఆగుతున్నారండి?"

"చైను వదులైపోయిందమ్మా. ఊరికే పడిపోతోంది."

"అదేంటండీ, చైను మొన్నే గదా కొత్తది వేయించేరు" అన్నారు పిన్నిగారు.

మేస్టారు మెల్లిగా, "రెండు నెలల్నించీ వస్తోంది. వంతెన ఎక్కితే వస్తుంది, ఆగితే పోతుంది" అన్నారు.

"బెల్టు మీద కూడా వచ్చిందాండీ?"

"ఆయ్. అప్పుడే మొదలైంది. చెబుదామనుకునేలోపు నువ్వే ఆపుతానన్నావు. చెబితే నువ్వు కంగారుపడతావని ఊరుకున్నాను."

పిన్నిగారు సర్దిన బట్టల మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. లేచి లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చిచ్చారు.

రెండోసారి

సోమవారం ఉదయం డాక్టరు గారు ముందే వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నారు. ఆయన అలా కూర్చోవడం అంతకుముందు ఎప్పుడూ లేదు. నాలిక కింద పెట్టే మాత్ర, ఆక్సిజను దగ్గరే ఉంచుకున్నాం. మేస్టారి రొమ్ము మీద బ్లేడు పెట్టి వెంట్రుకలు శుభ్రంగా గీశాను. ఆయన పైకప్పు చూస్తూ నిలబడ్డారు.

"మేస్టారూ, పిడి మీద వాలకండి. వేళ్ళు ఆనించండి చాలు. నొప్పి వచ్చిన క్షణం నాకు చెప్పాలి. నా గురించి ఆలోచించకండి."

"సరేనమ్మా."

మొదటి మూడు నిమిషాలూ గీత శుభ్రంగా ఉంది. నాలుగో నిమిషం దాటింది, అంటే మొన్న నేను ఆపేసిన చోటు దాటింది. ఐదో నిమిషంలో గీత దిగడం మొదలైంది. తెర మీది గళ్ళలో ఒక గడి, దాదాపు రెండు. "నొప్పా మేస్టారూ?" అన్నాను. ఆయన నోట్లోంచి "పర్లే..." అని వచ్చింది, మధ్యలో ఆగి, తల అవునన్నట్టు ఊపారు. అదే సమయానికి బీపీ చూశాను. నడుస్తున్న మనిషికి బీపీ పెరగాలి. ఆయనకి తగ్గుతోంది. గుండెలో చాలా భాగం ఒకేసారి ఎండుతోంటేనే అలా జరుగుతుంది. డాక్టరు గారు చెప్పకముందే బెల్టు ఆపి, ఇద్దరం పట్టుకుని పడుకోబెట్టాం. మాత్ర పెట్టాక కూడా గీత పైకి రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ ఎనిమిది నిమిషాలూ నేను ఆయన మణికట్టు వదల్లేదు. ప్రార్థన కూడా గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే కాకినాడ పంపించారు. యాంజియోగ్రామ్‌లో, ఎడమవైపు నాళం ఇంకా కొమ్మలుగా చీలకముందే, మొదట్లోనే బాగా ఇరుకై ఉంది. మత్తులో బీపీ పడిపోయి ఉంటే ఏమయ్యేదో డాక్టరు గారు నాకు చెప్పలేదు. బైపాస్ చేశారు. మేస్టారు బతికారు. హెర్నియా సంగతి ఏడాది తరవాత చూసుకున్నారు.

అమ్మాయిలూ, ఇది చదివి "ఆవిడ నిజం చెప్పింది, గొప్ప మనిషి" అనుకోకండి. నేను ఆ వంతెన మీదుగా వెళ్ళే ఆటో ఎక్కాను కాబట్టి తెలిసింది. వేరే దారిన వచ్చి ఉంటే తెలిసేది కాదు. అంతకుముందు నేను ఇలా మర్యాదకి ఆపేసినవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో, వాళ్ళు ఏ గట్టు మీద ఆగిపోయారో నాకు తెలియదు. ఆ లెక్క నాకు ఎప్పటికీ తేలదు. మీ ముందుకి మీ నాన్నే వచ్చినా, మీ ఊరి పాస్టరు గారే వచ్చినా, బెల్టు మీద ఆయన ఒక గుండె మాత్రమే. గౌరవం చూపించాలంటే దిగాక కుర్చీ వెయ్యండి.

పిన్నిగారు

ఆపరేషనైన ఆరు నెలలకి మేస్టార్ని చూపించడానికి పిన్నిగారు తీసుకొచ్చారు. ఆయన నడక బాగుంది, రంగు తేరారు. డాక్టరు గారితో ఆయన లోపల మాట్లాడుతుంటే, పిన్నిగారు ఒక్కరే నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"కరుణా, నన్ను కూడా ఎక్కించమ్మా దాని మీద."

"మీకెందుకండి పిన్నిగారూ?"

"డాబా మీద బట్టలు ఆరెయ్యడానికి మెట్లెక్కితే ఇక్కడ బరువు పెట్టేసినట్టుంటుంది. ఆరో మెట్టు మీద ఆగుతాను."

"ఎన్నాళ్ళ నుంచండీ?"

ఆవిడ కొంచెం సిగ్గుపడ్డట్టు కొంగు సర్దుకున్నారు. "ఆయన కంటే ముందు నించే. ముందు ఆయనది తేలనీ అని ఊరుకున్నాను. ఇంట్లో ఇద్దరం పడిపోతే ఎవరు చూస్తారు?"

మేస్టారి కోసం వెళ్ళిన ఆ ఆదివారం వాళ్ళింట్లో కూర్చుని ఆయన్ని మాత్రమే ప్రశ్నలు అడిగాను. కాఫీ పట్టుకొచ్చిన మనిషిని ఒక్కటీ అడగలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం అని చెప్పుకునేదాన్ని, నేనూ ఆడదాన్నే. నా మీద నాకే అసహ్యం వేసింది. డాక్టరు గారికి చెబితే వెంటనే చెయ్యమన్నారు.

పిన్నిగారు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని బెల్టు ఎక్కారు. మొదటి మూడు నిమిషాలూ తల వంచుకుని, వంటింట్లో పని చేసుకుంటున్నట్టు నిదానంగా నడిచారు. ఎత్తు పెంచాను. కళ్ళు తెర మీద ఉంచి, ఎప్పట్లాగే అడగబోయాను.

"ఆపమ్మా. వచ్చింది" అన్నారు ఆవిడ.

తెర మీద గీత అప్పుడే దిగడం మొదలుపెట్టింది. బెల్టు ఆపేశాను. నా ఉద్యోగం మొత్తంలో, నేను అడక్కముందే నొప్పని చెప్పిన మొదటి మనిషి ఆవిడ.